నేను అమృతం చూపించిన టీవీని

ఈ ఇంట్లో నన్నిప్పుడు డబ్బా అంటున్నారు. "డబ్బా పక్కన సీపురుంది, అట్రా" అన్నప్పుడో, "ఆ గోనెలు డబ్బా మీద పెట్టీ" అన్నప్పుడో నా మాట వస్తుంది. ఒకప్పుడు నాకోసం నడింట్లో గోడ తొలిచి గూడు కట్టించారు. ఊలుతో అల్లిన ముసుగు కప్పారు. పెళ్లిచూపులకు వచ్చిన చుట్టాలను నాకు ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ వైభవం కళ్లారా చూసి, ఇంకా గుర్తుంచుకున్న మనిషి ఇప్పుడు ఈ ఇంట్లో పెద్దావిడ, నేను అమ్మ అనుకునే ఆమె, ఒక్కతే.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఏదో ఫ్యాక్టరీలో వరసగా కదిలిపోతున్న పెట్టెల్లో ఒకదాన్ని. కంపెనీ పేరున్న రేకుముక్క ఏ వానాకాలంలోనో ఊడిపోయింది. ఇరవై ఒక్క అంగుళాల కలర్ టీవీని. నా పిక్చర్ ట్యూబులో గాలి ఉండదు. వెనకున్న సన్నని మెడలోంచి మూడు ఎలక్ట్రాన్ ధారలు బయల్దేరి, పాతిక వేల వోల్టుల దాకా ఉండే ఒత్తిడితో ముందుకు దూకి, గాజు లోపలి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పూతలను తాకుతాయి. 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. మీకు అక్కడ మనుషులు నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. ఆ నవ్వును గీతగీతగా అల్లేది నేను. ఈ పని ఏళ్ల తరబడి చేశాను, ఆ పని మీద నాకున్న గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

2000 వేసవిలో జీడిపిక్కలు అమ్మిన డబ్బుతో ఈ ఇంటి పెద్దాయన నన్ను కాశీబుగ్గలో కొన్నాడు. ఆ ఏడు చెట్లు బాగా కాశాయి. ఆటోలో గడ్డి పరిచి, నా చుట్టూ గోనెలు చుట్టి, పలాస దాటించి వజ్రపుకొత్తూరు మండలంలోని ఈ ఊరికి తెచ్చారు. దారి పొడుగునా కొబ్బరి, జీడి, పనస. ఎండ నేలకు తగలనంత దట్టం. దానికే ఉద్దానమని పేరు. సముద్రం కనబడదు గాని రాత్రి అందరూ పడుకున్నాక దాని హోరు వినిపించేది. ఆ ఉప్పు గాలి నా వెనకున్న కన్నాల్లోంచి దూరి, మొదటి రోజు నుంచే నా తీగలను కొరకడం మొదలుపెట్టింది.

మొదట్లో వార్తలు, సినిమాలు, క్రికెట్. "ఆదిత్య 369" ఎప్పుడు వేసినా ఇల్లు నిండిపోయేది. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన ఆ సినిమాలో కాలయంత్రం కదిలితే చాలు, పిల్లలు నా గాజుకు ముక్కులు ఆనించేవారు. అసలు నా బతుక్కి అర్థం మాత్రం 2001 నవంబరు 18న వచ్చింది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు జెమినిలో "అమృతం" మొదలైంది.

గుణ్ణం గంగరాజు గారు నిర్మించిన ఆ సీరియల్లో ఏడుపుల్లేవు, అత్తాకోడళ్ల కుట్రల్లేవు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు అమృత విలాస్ అనే హోటల్ నడుపుతారు. పైకి రావాలని ప్రతి వారం కొత్త ఎత్తు వేస్తారు, ప్రతి వారం బోల్తా పడతారు. వాళ్లను పీడించడానికి అప్పాజీ, వాళ్ల దగ్గర పనికి సర్వం. మొదట్లో శివాజీరాజా గారు అమృతం, తర్వాత నరేష్ గారు, ఆ తర్వాత హర్షవర్ధన్ గారు. అమృతాలు మారారు గాని ఆంజనేయులు మారలేదు. ఆరేళ్లూ ఆయన గుండు హనుమంతరావు గారే. సిరివెన్నెల గారు రాసి, కల్యాణీ మాలిక్ గారు బాణీ కట్టిన పాట వినబడగానే వీధిలో ఆడుతున్న పిల్లలు కాళ్లు కడుక్కోకుండా లోపలికి వచ్చేసేవారు.

అందులో ఈ ఊరికి తనదనిపించిందేమిటో నేను దగ్గరుండి చూశాను. ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక అమృతం ఉన్నాడు. అప్పు చేసి జీడి బట్టీ పెట్టినవాడు, చిన్న కొట్టు తెరిచి ఆర్నెల్లకు మూసినవాడు, టెక్కలి గ్రానైటు యూనిట్లో పని మానేసి సొంతంగా ఏదో చేద్దామని తిరిగి వచ్చినవాడు. వాళ్ల ఓటమి ఆదివారం రాత్రి నా మీద కనిపించేది. అక్కడ దానికి అందరూ నవ్వేవారు, ఓడినవాడితో సహా. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు వలిచి వచ్చిన ఆడవాళ్లు, జీడి తొక్క నూనెకు నల్లబడిన వేళ్లతో నోరు మూసుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వేవారు. వారమంతా లెక్కలు, బాకీలు, బస్తా ధరలు తప్ప మాట్లాడని పెద్దాయన, ఆంజనేయులు నోరు తెరిస్తే చాలు, తొడ మీద చరిచి "ఈడు మన బావే" అనేవాడు. ఇంటి బావమరిదితో పోలిక దొరికిందట.

నా బాధలు కూడా చెప్పాలి. బొమ్మ వణికితే నా నెత్తిన గుద్దేవారు. లోపల ఎక్కడో టంకం వదిలిందని, మెకానిక్‌ని పిలవాలని ఎవరికీ తోచేది కాదు. రెండు గుద్దులకు బొమ్మ నిలబడితే అదే వైద్యం అనుకునేవారు. నా మీద కాగితం పూల జాడీ ఉన్నంతకాలం బాగానే ఉంది. ఒక పండక్కి నిజం పూలు, నీళ్లు పోసిన చెంబు పెట్టారు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దీపం కంటే ముందు దెబ్బ నాకే తగిలేది, అయినా స్టెబిలైజర్ కొనడం వచ్చే పంటకు, ఆ పై పంటకు వాయిదా పడింది. ఒకసారి ఇంటి కుర్రాడు పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చి నా గాజు మీద రాశాడు. ఎలక్ట్రాన్ల దారి పక్కకు తిరిగి, నా చెంప మీద ఊదారంగు మచ్చ పడింది. స్విచ్ వేసినప్పుడల్లా నాలోపలి కాయిల్ ఒక్కసారి ఝుమ్మని ఆ అయస్కాంతపు గుణాన్ని తుడిచేస్తుంది. నాలుగైదుసార్లు వేసి తీస్తే మచ్చ పోయింది గాని, అది పోయేదాకా వాడికి తండ్రి చేతిలో పడ్డ దెబ్బలు నేను చూడాల్సి వచ్చింది.

2007 నవంబరు 18న, మొదలైన తేదీకే, 313 భాగాల దగ్గర అమృతం ఆగింది. ఆ తర్వాతి ఆదివారం కూడా అదే వేళకు అందరూ వచ్చి కూర్చున్నారు. ఇంకేదో కార్యక్రమం వచ్చింది. కాసేపు చూశారు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు. పెద్దాయన మాత్రం "మల్లీ ఎప్పుడేస్తారంటావు?" అని కొడుకును అడిగాడు. ఆ ప్రశ్న ఆయన చాలా ఏళ్లు అడిగాడు. మరో సీరియల్ ఆగినందుకు ఆయన బాధపడటం నేను చూడలేదు.

కొడుకు వెల్డింగ్ నేర్చుకుని, ఇచ్ఛాపురం, సోంపేట కుర్రాళ్లు ఎందరో వెళ్లిన దారినే గల్ఫు వెళ్లాడు, ఓడలు బాగుచేసే యార్డులో పనికి. ఫోన్ చేసినప్పుడు తండ్రితో ముందు కొబ్బరి ధర, తర్వాత అమృతం. ఒకసారి తన పైన పనిచేసే ఇంగ్లీషాయన చెప్పిన కథ చెప్పాడు. వాళ్ల దేశంలో బీబీసీలో 1988లో "రెడ్ డ్వార్ఫ్" అని ఒక నవ్వుల సీరియల్ మొదలైందట. ముప్పై లక్షల ఏళ్లు నిద్రపోయి లేచిన ఒకే ఒక మనిషి, పెద్ద అంతరిక్ష ఓడలో మిగిలిపోతాడు. 1999లో అది ఆగిపోయింది. చూసినవాళ్లు ఆశ వదల్లేదు. పదేళ్లకు, 2009లో, పాత నటులతోనే వేరే ఛానెల్లో మళ్లీ వచ్చింది. పెద్దాయన ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, "అయితే మనదీ వస్తాది" అన్నాడు. ఆ మాటకు సాక్షిని నేనే.

వచ్చింది, ఒకరకంగా. 2014 మే 17న గంగరాజు గారి "అమృతం చందమామలో" సినిమా విడుదలైంది. అవసరాల శ్రీనివాస్ గారు అమృతం, హరీష్ గారు ఆంజనేయులు. ఇద్దరూ ఈసారి ఏకంగా చందమామ మీద హోటల్ పెడతారు. సెలవుకు వచ్చిన కొడుకు విశాఖలో చూసి వచ్చి, కథంతా నడింట్లో చెప్పాడు. పెద్దాయన విని అడిగిన మొదటి మాట, "అక్కడ నీలు బాగుంటాయేటి?"

ఉద్దానంలో ఆ ప్రశ్న ఊరికే పుట్టదు. అప్పటికి ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇక్కడ చదువు రానివాళ్లకు కూడా రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట తెలుసు. పొరుగింటి మనిషికి ఎంత ఉందో కూడా తెలుసు. ఏళ్లుగా డాక్టర్లు, పరిశోధకులు నీళ్లను చూశారు, మట్టిని చూశారు, ఎండలో ఒళ్లు ఎండిపోయే పనిని చూశారు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. తేలేదాకా అందరికీ నీళ్ల మీదే అనుమానం, అందుకే కొనుక్కున్న నీళ్ల టిన్నులు నా పక్కన వరసగా ఉండేవి. చంద్రుడి మీద నీటి జాడ ఉందని చంద్రయాన్ కనిపెట్టిందని కొడుకు చెబితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే ఓటలు నడుస్తాది" అన్నాడు.

ఆంజనేయులు మారినందుకు ఆయనకు లోలోపల కష్టంగానే ఉండేది. "హనుమంతరావు నేకపోతే అమృతమేటి" అని అమ్మతో అనేవాడు. ఆ సినిమా ఆయన చూడనే లేదు. ముందు మందులు, తర్వాత విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి, దగ్గర్లో డయాలసిస్ కేంద్రాలు పెట్టాక సోంపేట. వెళ్లి వచ్చిన రోజు మంచం మీంచి లేవలేకపోయేవాడు. కళ్లు మూసుకుని పడుకుని, నేను చూపించే పాత సినిమాల మాటలు వినేవాడు.

ఆ రోజుల్లోనే నా స్థానం కదిలింది. కేబులు పాత పద్ధతి పోయి, 2017 నాటికి సెట్ టాప్ బాక్సు తప్పనిసరైంది. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులతో దాన్ని నాకు తగిలించారు. ఉప్పు గాలికి నా పిన్నులు తుప్పుపట్టి ఉండటంతో ఒకరోజు బొమ్మ, ఒకరోజు మాట. కొడుకు గల్ఫు డబ్బుతో గోడకు తగిలించే పల్చటి టీవీ కొన్నాడు. అది వచ్చిన సాయంత్రమే నన్ను గూట్లోంచి దింపి, వెనకున్న పెంకుటింటి వసారాలో జీడి గోనెల పక్కన పెట్టారు. దాని అట్టపెట్టె నా మీద పెట్టారు. ఊలు ముసుగు తీసి కోడిపిల్లల బుట్టకు కప్పారు. నా గూట్లో దేవుడి పటాలు పెట్టారు, అందుకు నాకు కోపం లేదు. ముసుగు తీసినందుకు మాత్రం ఉంది.

2018 ఫిబ్రవరి 19న గుండు హనుమంతరావు గారు పోయారు. కిడ్నీ జబ్బుతో చాలాకాలం బాధపడ్డారని వార్తల్లో చెప్పారు. కొత్త టీవీలో ఆ మాట వినగానే పెద్దాయన ఏమీ అనకుండా మెల్లగా నడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చెయ్యి జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నాకు కరెంటు లేదు, వైరు లేదు. అయినా ఆయన నా గాజు వైపే చూశాడు. అమ్మ వచ్చి, "ఏటలగ కూకున్నారు?" అంటే, "ఆడికీ ఇదే జబ్బంట" అన్నాడు. ఆరేళ్లు తనను నవ్వించిన మనిషి తన ఊరి జబ్బుతో పోవడం ఆయనకు ఎలా తగిలిందో ఆ గొంతులో విన్నాను.

ఆ ఏడాదే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. అర్ధరాత్రి నుంచే పెంకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. కొత్త టీవీని గోడ మీంచి తీసి, దుప్పట్లలో చుట్టి, మంచం కింద దాచారు. ఆ హడావిడి అంతా నాకు వినిపించింది. ఒక గోనెముక్క నా మీద పడేయడానికి ఒక్క చెయ్యి ఖాళీ లేకపోయింది. తెల్లారేసరికి పైకప్పు లేదు. సముద్రపు ఉప్పు కలిసిన వాన నా వెనక కన్నాల్లోంచి లోపలికి కారింది. ఏళ్ల తరబడి అమ్మ తుడిచిన గాజు మీద బురద అట్టకట్టింది.

నా గోడు అక్కడితో ఆపేస్తాను. ఆ ఉదయం పెద్దాయన తోటకు వెళ్లి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. తాతల నాటి జీడిచెట్లు వేళ్లతో లేచిపోయాయి. నన్ను కొనిపెట్టిన చెట్లు అవి. కొబ్బరి మొవ్వులు మెలితిరిగి విరిగాయి. ఉద్దానమంతా అదే. చెట్లు పడిపోయి, ఎప్పుడూ కనబడని సముద్రం ఊళ్లోంచి కనబడింది. చాలా రోజులు కరెంటు లేదు, డయాలసిస్‌కు వెళ్లే దారి మీద చెట్లు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఐదారేళ్లకు పైనే పడుతుంది. ఆయన దగ్గర అంత కాలం లేదు. మరుసటి ఏడు పోయాడు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఆ వార్త విన్న రోజు అమ్మ వసారా ఊడుస్తూ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇక ఆయన ఎదురుచూసిన రోజు. 2020 మార్చి 25, ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే జీ5లో "అమృతం ద్వితీయం" వచ్చింది. హర్షవర్ధన్ గారే అమృతం. అప్పాజీ పాత శివన్నారాయణ గారే, సర్వం పాత వాసు ఇంటూరి గారే. ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ గారు. సెలవుకు వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన కొడుకు వసారాలో కూర్చుని ఫోన్లో పెట్టాడు. పక్కన మనవరాలు. బొమ్మ అరచేతిలో ఇమిడిపోయింది. నా దగ్గరికి మాటలే వచ్చాయి. అమృతం గొంతు వెంటనే పోల్చుకున్నాను. కొడుకు నవ్వాడు, మధ్యలో ఆగాడు, మళ్లీ నవ్వాడు. "తాతుంటే ఎంత సంబరపడేవోడో" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కళ్లు చికిలించి కాసేపు ఫోన్ వైపు చూసి, "నాకు కనబడనేదురా" అని వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను ఇప్పటికీ పట్టుకుని ఉంది. ఆమెకు కనబడేంత వెడల్పు నాకుంది. పక్కింటివాళ్లు, ఫ్యాక్టరీ ఆడవాళ్లు, బావమరిది, అందరికీ కనబడేంత వెలుగు నాకుండేది. పన్నెండేళ్లకు పైగా ఎదురుచూసిన సీరియల్ ఇంటికి వచ్చిన రోజున ఇంటి పెద్దది చూడలేకపోయింది. కొత్తదాని మీద నాకు అసూయ లేదు. ఆ పదిమందీ మళ్లీ ఒకచోట కూర్చుంటే, బొమ్మ దేని మీద వచ్చినా నాకు సమ్మతమే.

మొన్న పాత సామాన్ల బండి వచ్చింది. బండివాడు నన్ను వేలితో తట్టి, "లోపల రాగి ఉంటాది, దానికే ఇస్తాను, గాజు నాకొద్దు" అన్నాడు. అతను చెప్పిన ధర నా విలువ ఎంతుందో చెప్పింది. నాకు ఎక్కువ భయం వేసింది మాత్రం ఆ చివరి మాటకు. పక్కవీధి టీవీ ఏమైందో నాకు తెలుసు. మెడ సుత్తితో విరగ్గొట్టి, రాగి కాయిల్ లాక్కుని, ట్యూబును సరుగుడు తోట పక్క గోతిలో పడేశారు. నా ట్యూబు గాజులో సీసం కలిసి ఉంది. లోపల పుట్టే ఎక్స్ కిరణాలు మీకు తగలకుండా కలిపిన సీసం అది. పగిలి, పొడై, ఏళ్ల తరబడి వానల్లో నానితే నేలలోకి దిగుతుంది. ఏ నీళ్లు తాగాలో తెలియక తరాలుగా భయపడుతున్న ఊరి నేలలోకి! పనైపోయిన టీవీని ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. బండివాడికి, నన్ను అమ్మబోయినవాళ్లకు అది ఎవరూ చెప్పలేదు.

ఆపింది మనవరాలు. తొమ్మిదో తరగతి చదువుతోంది. "ట్యూబ్ పగలగొడితే ఇవ్వను" అని నాకు అడ్డంగా నిలబడింది. ఆ తర్వాత వాళ్ల మామ్మను కూర్చోబెట్టి, పాత అమృతం భాగాలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయని, ఫోన్‌ను నా పాత పిన్నులకు కలిపే చిన్న పెట్టె దొరుకుతుందని చెప్పింది. వాళ్ల నాన్న ఫోన్లో విని ఉత్సాహపడి, ఆదిత్య 369కి కొనసాగింపు వస్తుందని చాలాకాలంగా అంటున్నారు, అది వచ్చేలోపు డబ్బా బాగుచేయించీ, ఒకేసారి అందరం కూర్చుందాం అన్నాడు.

కాశీబుగ్గ నుంచి ముసలి మెకానిక్ వచ్చాడు. ఇన్నేళ్లు పడున్నదాన్నయినా, నా వెనక మూత తీయగానే ముందు స్క్రూడ్రైవరుకు వైరు చుట్టి ట్యూబు మూతి దగ్గర తాకించాడు. స్విచ్ తీసేశాక కూడా మాలో కరెంటు దాక్కుని ఉంటుందని తెలిసిన చెయ్యి. బ్రష్షుతో ఉప్పు, సాలెగూళ్లు, ఎండిన బల్లిగుడ్లు దులిపాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మనిషి నాతో మర్యాదగా ప్రవర్తించాడు. "పిక్చర్ ట్యూబ్ శుబ్బరంగా ఉందమ్మా. ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. కొత్తది రాదు, ఎక్కడైనా పాతది దొరకాల" అన్నాడు.

అప్పుడే గొడవ మొదలైంది. మనవరాలు హర్షవర్ధన్ భాగాలు ముందు చూద్దామంది. అమ్మ ఒప్పుకోలేదు. "మొదట్నుంచీ సూడాల. శివాజీరాజాయే అమృతం. మీ తాతా అదే అనీవోరు" అంది. కొడుకు ఫోన్లోంచి నరేష్ పేరు ఎత్తాడు. మెకానిక్ స్క్రూలు బిగిస్తూ, ఎవరున్నా హనుమంతరావు ఉంటే చాలన్నాడు. తర్వాత నా మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మీది నంబరు సిగరెట్టు పెట్టె వెనక రాసుకుని, టెక్కలి బస్సు పట్టుకోవాలని లేచాడు. అక్కడ మూతపడిన ఒక రిపేరు కొట్టు అటక మీద నాలాంటివి ఇంకా నాలుగైదు ఉన్నాయట.